ఒట్టి చేతులు

“ఉప్పు కాస్త ఎక్కువైనట్టుంది,” అన్నాడు భర్త, రెండోసారి కూర వడ్డించుకుంటూ.

అలా అనడం కొత్త కాదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఉప్పు ఎక్కువైనప్పుడూ అన్నాడు, తక్కువైనప్పుడూ అన్నాడు, సరిపోయిన రోజున మాత్రం నోరు మెదిపి ఎరగడు. ఆయనేమీ అనలేదంటే వంట బాగున్నట్టేనని ఆమె ఎప్పుడో సరిపెట్టుకుంది. ఈవేళ మాత్రం ఆ మాట తోకకి ఇంకో మాట తగిలించాడు.

“అన్నట్టు, పాత లాగ్‌బుక్కులన్నీ లాబ్‌లో నీ గదిలోనే ఉన్నాయి కదూ? ఇరవై ఒక్కేళ్ళ కిందటిది, నీలం అట్టది, తీసి ఉంచు. అదేనోయ్, ఉప్పు చేతులతో టార్గెట్ పాడుచేశావే, ఆ వారానిది.”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన చూడలేదు. చూసే అలవాటే ఉంటే ఈ కథ ఉండేది కాదు.

“దేనికి?” అంది.

“చెప్తాలే. మంచి పనే,” అంటూ లేచి చెయ్యి కడుక్కున్నాడు. మొహం వెలిగిపోతోంది. ప్రమోషన్ వచ్చిన రోజున కూడా అంత వెలగలేదు. బ్యాగు తగిలించుకుని ఎనిమిదిన్నరకల్లా గుమ్మం దాటేశాడు. ఆయన తిన్న కంచం బల్ల మీదే ఉంది, గ్లాసు కిటికీలో ఉంది, తువ్వాలు కుర్చీ మీద ఉంది. వాటి వాటి చోట్లకి అవి నడిచి వెళ్ళవు కనక ఆమె వెనకాల ఉండిపోయింది. రోజూ ఆ పావుగంట వెనకాలే బయల్దేరుతుంది, రోజూ పావుగంట ఆలస్యంగానే సంతకం పెడుతుంది. “మేడమ్‌కి ఇల్లు దగ్గరే అయినా ఎప్పుడూ లేటే” అని ఆఫీసు గుమాస్తా నవ్వుతాడు. అదే ఇంటి నుంచి సార్ వేళకి ఎలా వస్తున్నారో అతనికి ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఇద్దరూ పనిచేసేది ఒకే చోట. విశ్వవిద్యాలయంలో పరమాణు కేంద్రకాల మీద ప్రయోగాలు చేసే లాబ్. ఆయన దానికి అధిపతి. ఆమె అక్కడ టార్గెట్లు చేస్తుంది. యంత్రం నుంచి దూసుకొచ్చే కణాలకి ఎదురుగా నిలబెట్టే లోహపు రేకుని అక్కడ టార్గెట్ అంటారు. రేకంటే అలాంటిలాంటి రేకు కాదు, గట్టిగా ఊపిరి వదిలితే చిరిగిపోయేంత పల్చన. గాజుపలక మీద లోహాన్ని ఆవిరిగా పట్టించి, ఆ పలకని నీళ్ళలోకి ఏటవాలుగా దించితే పొర విడివడి నీటి మీద తేలుతుంది. అప్పుడు చిన్న చట్రాన్ని నీళ్ళలో ముంచి, పాల మీది మీగడని చిట్లకుండా తీసినట్టు, కింద నుంచి పైకెత్తాలి. ఆ పనిలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. విద్యార్థులు ‘టార్గెట్ మేడమ్’ అంటారు. ఇవి కాక కిరణాల్ని పట్టే డిటెక్టర్లకి రోజుకి రెండుసార్లు లిక్విడ్ నైట్రోజన్ పొయ్యడం కూడా ఆమె వంతే. అవి ఎప్పుడూ చల్లగా ఉండాలి, వేడెక్కితే పాడైపోతాయి. సెలవైనా, ఒంట్లో బాగోకపోయినా, ఇంట్లో చుట్టాలున్నా వేళకి పొయ్యాల్సిందే. “చంటిపిల్లల్ని సాకినట్టు సాకుతుందండీ ఆవిడ” అని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర, పక్కపక్క కుర్చీల్లో, పరిశోధన చేసినవాళ్ళే. అప్పట్లో ఆయన్ని ‘నువ్వు’ అనేది. పెళ్ళయ్యాక అత్తగారి ఎదుట ‘మీరు’ అంది. ఆయన ఉద్యోగంలో పైకెదిగాక లాబ్‌లో ‘సార్’ అంది. ఆయన మాత్రం ఆమెని మొదటి నుంచీ నువ్వే అన్నాడు, ఆయనకి ఏ ఇబ్బందీ రాలేదు.

టార్గెట్ గదిలో కిటికీ పక్కన ఇనప బీరువా. అడుగు అరలో, పాత చట్రాల పెట్టెల వెనకాల నీలం అట్ట పుస్తకం. ఇరవై ఒక్కేళ్ళుగా దాన్ని తెరవలేదు. అయినా తెరిచేసరికి నూట పన్నెండో పేజీయే వచ్చింది. పుస్తకాలకి కూడా ఎక్కడ నొక్కి రాశారో గుర్తుంటుందేమో.

ఆ రోజుల్లో లాబ్‌కి అధిపతి వాళ్ళ గురువు. అందరూ ‘పెద్దాయన’ అనేవాళ్ళు. ఏ రోజు ప్రయోగం ఆ రోజు రాసుకునే లాగ్‌బుక్ విషయంలో ఆయన పట్టుదల అంతా ఇంతా కాదు. కొత్తగా చేరిన వాళ్ళని కూర్చోబెట్టి మొదటి రోజే చెప్పేవాడు. “ఈ పుస్తకంలో కాగితం చింపడం లేదు. చెరపడం లేదు. తెల్ల రంగు పుయ్యడం అంతకన్నా లేదు. తప్పు రాశావా, దాని మీద ఒకే ఒక్క గీత కొట్టు. కిందున్నది చదవడానికి వీలుండాలి. పక్కన సరైనది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టు. తప్పు చెయ్యడం తప్పు కాదు, దాన్ని కనపడకుండా చెయ్యడం తప్పు.” ఆ మాటలు ఆమె ఇప్పటికీ కొత్తవాళ్ళకి అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. అప్పజెప్పినప్పుడల్లా లోపల ఎక్కడో ముల్లు కదులుతుంది.

పేజీ పై సగంలో ఉన్నది ఆమె రాతే. కుడికి వాలిన, తొందర తొందర అక్షరాలు. “443 దగ్గర చిన్న పీక్. పట్టికల్లో ఎక్కడా లేదు. కొలత సరిగ్గా ఉందో లేదో పొద్దున్నే చూసుకున్నాను. కొత్త టార్గెట్‌తో ఇంకో షిఫ్ట్ నడిపి చూడాలి.” ఆ చివరి మాట కింద రెండు గీతలు కూడా గీసింది.

కింది సగం కూడా ఆమె రాతే. నిటారుగా, బుద్ధిగా ఉన్న అక్షరాలు. “టార్గెట్‌ని నేను ఒట్టి చేతులతో ముట్టుకున్నాను. 440 పీక్ ఉప్పు వల్ల వచ్చింది. ఇంకో షిఫ్ట్ అవసరం లేదు.” దాని కింద సంతకం.

రెంటికీ మధ్య గంటన్నర తేడా.

పీక్ అంటే పెద్ద విషయమేమీ కాదు. డిటెక్టర్‌లో పడిన కిరణాల్ని శక్తిని బట్టి వరసగా పేర్చుకుంటూ పోతే తెర మీద ఒక గ్రాఫు వస్తుంది. ఒకే శక్తి ఉన్న కిరణాలు ఎక్కువగా వచ్చిన చోట గీత చిన్న గుట్టలా లేస్తుంది. ఏ గుట్ట ఏ కేంద్రకానిదో చెప్పడానికి పట్టికలున్నాయి. ఉప్పులో సోడియం ఉంటుంది, దాని గుట్ట 440 దగ్గర లేస్తుంది. మనిషి చేతి చెమటలోనూ ఉప్పుంటుంది కాబట్టి ఎవరైనా రేకుని ఒట్టి చేత్తో ముట్టుకుంటే ఆ గుట్ట వచ్చి కూర్చుంటుంది. ఈ విద్యలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే ఇది. ఆమెకి కనిపించింది 443 దగ్గర. ఆ డిటెక్టర్‌కి మూడంటే చిన్న తేడా కాదు, పక్క వీధి అన్నమాట.

ఆ మధ్యాహ్నం మూడున్నరకి తెర మీద అది లేస్తుంటే ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. మొదట అరగంట ఎవరికీ చెప్పలేదు. చెబితే కరిగిపోతుందేమోనని భయం. ఒక్కో నిమిషానికీ గుట్ట కాస్త కాస్త పైకి లేస్తోంది. పట్టికలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు. ఎవరూ చూడని దాన్ని తను చూస్తోంది. అంత సంతోషం ఆమెకి పెళ్ళిలో కలగలేదు, బిడ్డ పుట్టినప్పుడు కూడా కలగలేదు, ఈ మాట బయటికి అంటే తల్లి కాదంటారని ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఆమె థీసిస్‌కి కావలసిన ముక్క అదే. కానీ ఒక్క టార్గెట్‌తో, ఒక్క పూట కొలతతో ఎవరు ఒప్పుకుంటారు? ఇంకో టార్గెట్ పెట్టి ఇంకో షిఫ్ట్ నడపాలి. మర్నాడు పొద్దున్నుంచి యంత్రం వేరే వాళ్ళది. మళ్ళీ తమ వంతు రావాలంటే ఏడాది.

టీ వేళకి పెద్దాయన వచ్చాడు, వెనకాల భర్త. పెద్దాయన నిలబడే ఒక చూపు చూశాడు.

“సోడియం,” అన్నాడు.

“443 దగ్గరుంది సార్.”

“కొలత పక్కకి జరిగుంటుందమ్మా.”

“పొద్దున్నే సరిచూశాను సార్. జరగలేదు.”

“అయితే టార్గెట్ మీద ఎవరో చెయ్యి పెట్టారు. ఎవరు చేశారది?”

“నేనే సార్.”

భర్త నవ్వాడు. “ఇంట్లో వంట చేసి, చెయ్యి కడుక్కోకుండా అలాగే వచ్చేసినట్టుంది సార్. మా ఇంట్లో కూడా ఉప్పు ఎప్పుడూ ఎక్కువే!”

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అన్నిటికన్నా ఆమెకి ఇప్పటికీ గుర్తున్నది అదే, తను కూడా నవ్వడం.

ఎందుకంటే ఆ పొద్దున గ్లవ్స్ పెట్టె ఖాళీ అయిపోతే, కింది అంతస్తు స్టోరుకి వెళ్ళి కొత్త పెట్టె తెచ్చింది భర్తే. తెచ్చి, ఒక జత తీసి, “ఇలా తే చెయ్యి” అని ఒక్కో వేలూ సర్దుతూ ఆమె చేతులకి తొడిగింది కూడా ఆయనే. అప్పట్లో ఆయనకి అలాంటి సరదాలుండేవి. ఆ మాట ఆమె అనాల్సింది. నోటి చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే గోడ మీది ఫోన్ మోగింది. భర్తే తీశాడు. ఒక్క క్షణం విని, “ఇంటి నుంచి. నీకే,” అని చాపాడు.

అవతల ఉన్నది ఆయన తల్లి, మాట్లాడుతున్నది ఆయన కూతురి గురించి. అయినా ఫోన్ ఆమెకే.

“పిల్లకి ఒళ్ళు కాలిపోతోందమ్మా. అమ్మ కావాలని ఒకటే ఏడుపు,” అన్నారు అత్తగారు. “ఆ మిషన్లకి నువ్వు కాకపోతే ఇంకోళ్ళున్నారు. దీనికి అమ్మవి నువ్వొక్కదానివే కదా.” ఆవిడ చెడ్డ మనిషి కాదు. అరిచేది కాదు, సాధించేది కాదు. జవాబు లేని మాట ఒక్కటి మెత్తగా అనేసి ఊరుకునేది.

ఫోన్ పెట్టేసి, ఆమె భర్తని పక్కకి పిలిచింది. “ఈ పూటకి నువ్వెళ్ళు. నేను ఒక్క షిఫ్ట్ ఉంటాను. ఒక్కటే. పొద్దున్నే వచ్చేస్తాను.”

“జ్వరం వచ్చిన పిల్ల నాన్న కావాలంటుందా, అమ్మ కావాలంటుందా?” అన్నాడాయన, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు. “అయినా సార్ ఉప్పేనంటున్నారుగా. నువ్వెందుకు పంతం పడతావ్?”

లాబ్‌లో ఒక పద్ధతుంది. షిఫ్ట్ దిగేవాళ్ళు తమ హయాంలో కనిపించిన ప్రతి పీక్‌కీ కారణం రాసి మరీ దిగాలి. కారణం తెలియకపోతే తెలిసేదాకా ఉండాలి. “ఏదో ఒకటి రాసి ముగించమ్మా,” అన్నాడు పెద్దాయన, టీ గ్లాసు దించుతూ. “లేదా ఉండి చూడు. నీ ఇష్టం.”

ఆమె కలం తీసింది. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. 443ని 440 చేసింది ఆమె వేళ్ళే. మూడు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, పరుగు పరుగున ఇంటికి వెళ్ళేసరికి పిల్ల మంచం మీద కూర్చుని రంగు పెన్సిళ్ళతో బొమ్మలేసుకుంటోంది. జ్వరం దిగిపోయింది. “నువ్వొస్తున్నావని చెప్పేసరికే సగం తగ్గిందమ్మా,” అని మురిసిపోయారు అత్తగారు. పిల్ల మీద ఆమెకి ఏనాడూ కోపం రాలేదు. అత్తగారు పోయేదాకా ఆవిడ మీదా రాలేదు. వచ్చిన కోపమంతా తన కుడిచేతి మీదే.

తరువాత కథ చెప్పుకోవడానికి ఏముంది. ఆ కొలతలతో వ్యాసం అచ్చయింది. మొదటి పేరు భర్తది, చివరి పేరు పెద్దాయనది, మధ్యలో ఆమెది. 440 దగ్గరి పీక్‌ని టార్గెట్‌లోని ఉప్పు వల్ల వచ్చినదిగా గుర్తించి తీసేశామని అందులో ఒక వాక్యం. ఆ కొలతల మీదే భర్తకి డాక్టరేట్ వచ్చింది. ఆమె థీసిస్ ఆ ఏడు కాదు పై ఏడు, పై ఏడు కాదు ఆ పై ఏడు అవుతూ, చివరికి ఎవరూ అడగడం మానేసిన రోజున ఆగిపోయింది. టార్గెట్లు చేసే ఉద్యోగం ఖాళీ అయితే భర్తే చెప్పి వేయించాడు. “ఇంటికీ దగ్గర, నీకూ కాలక్షేపం” అన్నాడు. వెయ్యికి పైగా రేకులు ఎత్తింది. ఒక్కదానికీ ఉప్పు అంటలేదు.

తలుపు చప్పుడైతే పుస్తకం మూసింది. వచ్చింది పొడుగమ్మాయి. రెండో ఏడాది పరిశోధక విద్యార్థిని, గుమ్మాల దగ్గర తల వంచుకుని నడిచేంత పొడుగు కనక లాబంతా ఆ పేరే. చంకలో చిన్న స్కానర్, చేతిలో నాలుగు కాగితాలు.

“సార్ పంపించారు మేడమ్. లాగ్‌బుక్‌లో ఏదో పేజీ స్కాన్ చెయ్యాలట, మీరు చూపిస్తారన్నారు.” కాగితాలు బల్ల మీద పెట్టింది. “ఇది చూశారా? నిన్ననే వచ్చింది. పొద్దున్నుంచి సార్ దీని గురించే మాట్లాడుతున్నారు.”

ఎక్కడో దూరదేశపు బృందం రాసిన వ్యాసం. మొదటి బొమ్మని ఆమె కిటికీ వెలుతురులోకి తిప్పింది. అదే గుట్ట. 443 దగ్గర. ఈసారి దానికి పేరుంది, కారణముంది, అది తేల్చి చెప్పిన మనుషులున్నారు. ఆ కేంద్రకం ఆకారం గురించి ఇన్నాళ్ళూ అనుకుంటున్నది సగం తప్పని ఆ చిన్న గుట్ట వల్లే తెలిసిందట.

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. పెళ్ళికి తనని పిలవకపోయినా, పిల్ల సుఖంగా ఉందని కబురు తెలిసినట్టుంది.

“అసలు సంగతి ఇక్కడుంది మేడమ్,” పొడుగమ్మాయి మూడో కాగితం తిప్పింది. “వీళ్ళు కూడా తొమ్మిదేళ్ళ కిందటే దీన్ని చూశారట. మన లాబ్ వ్యాసం నమ్మి, ఉప్పేననుకుని తీసేశారట. చివర్లో కృతజ్ఞతలు చూడండి. మొదట చూసిన విద్యార్థి ఎవరో ఉన్నారట. అప్పుడు మేము వినలేదు, ఆ విద్యార్థి ఇప్పుడు ఈ రంగంలో లేరు అని రాశారు.”

ఆమె ఆ వాక్యం చదివింది. మళ్ళీ చదివింది. ఆడపిల్లో మగపిల్లవాడో తెలియదు. ఏ గదిలో, ఏ తెర ముందు కూర్చుని, ‘443 సార్’ అని ఉంటారో తెలియదు. ఎదురుగా ఎవరో తన వ్యాసం తీసి చూపించి ఉంటారు. ఇదిగో, ఇక్కడ రాసి ఉంది కదా, ఉప్పు. ఇన్నేళ్ళూ నష్టపోయింది తనొక్కతే అనుకుంది. నా అబద్ధం, నా బతుకు, నేనే పడ్డాను అనుకుంది. ఆ మూడు వాక్యాలు సముద్రాలు దాటి వెళ్ళి, మొహం కూడా ఎరగని ఇంకో మనిషిని కుర్చీలోంచి లేపేశాయని ఇప్పుడు తెలిసింది. ఇప్పుడొచ్చాయి కళ్ళలో నీళ్ళు.

పొడుగమ్మాయి ఈలోగా పుస్తకం తెరిచింది. అది తెరుచుకున్నది ఆ పేజీ దగ్గరే. పైనుంచి కిందికి చదివి, మళ్ళీ పైకి వెళ్ళింది.

“మేడమ్, పైన 443 అనుంది, కింద 440 అనుంది. రెండూ మీ రాతే.” గొంతు తగ్గించింది. “నేను చేరిన మొదటి రోజున నా చెయ్యి మీద ఒకటేశారు మీరు, గుర్తుందా? గ్లవ్ లేకుండా పెట్టె మూత తీసినందుకే. మూత! మీరు రేకుని ఒట్టి చేతులతో ముట్టుకున్నారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.”

“నైట్రోజన్ పొయ్యాలి,” అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

డిటెక్టర్ల గదిలో గొట్టం తెరిచి నిలబడితే తెల్లటి పొగ కాళ్ళ చుట్టూ పరుచుకుంది. నిజం చెబితే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. లాగ్‌బుక్‌లో అబద్ధం రాసిన మనిషిని ఈ వృత్తిలో మళ్ళీ నమ్మరు. ఇరవై ఒక్కేళ్ళు చేసిన టార్గెట్లన్నిటినీ అనుమానంగా చూస్తారు. తనకున్నది ఆ ఒక్క పేరే, చెయ్యి మంచిదన్న పేరు. ఇల్లు సంగతి సరేసరి. చెప్పకపోతే ఏమీ కాదు. ఈ చల్లటి గదిలో ఇంకో పదేళ్ళు పోసుకుంటూ, అందరి మెప్పూ పొందుతూ రిటైరైపోవచ్చు.

తిరిగొచ్చేసరికి భర్త టార్గెట్ గదిలో ఉన్నాడు. పొడుగమ్మాయిని గ్రాఫు కాగితాలు తెమ్మని పైకి పంపేశాడు. పుస్తకం ఆయన చేతిలో ఉంది.

“చూశావా!” అన్నాడు. “వాళ్ళు ప్రకటించడానికి ఇరవై ఒక్కేళ్ళ ముందే చూశాం మనం. ఆ పత్రికకే ఉత్తరం రాస్తున్నాను. మొట్టమొదట మన లాబ్‌లో కనిపించిందనీ, జాగ్రత్త కొద్దీ అప్పట్లో ప్రకటించలేదనీ. ఈ పేజీ జత చేస్తే ఇంక ఎవరూ నోరెత్తరు. పై సగం చాలు.”

“కింది సగం?”

“అది దేనికి? నువ్వు చేసిన పొరపాటు ఊరందరికీ చూపించుకోవాలా? నీ పరువు కోసమే చెబుతున్నాను.” కళ్ళజోడు సర్దుకున్నాడు. “నీ పేరు కూడా వేస్తాలే, కృతజ్ఞతల్లో.”

ఆమె ఆయన చేతుల వంక చూసింది. నెరిసిన వెంట్రుకలున్న, శుభ్రమైన చేతులు.

“ఆ రోజు గ్లవ్స్ నువ్వే తొడిగావు నాకు,” అంది.

లాబ్‌లో ఆమె నోట ‘నువ్వు’ వినపడి ఎన్నేళ్ళయిందో. ఆయన తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

“ఎప్పటి మాట! నాకు గుర్తులేదు.”

“కింద స్టోర్ నుంచి కొత్త పెట్టె తెచ్చావు. ఒక్కో వేలూ సర్దావు. తరవాత అందరి ముందూ ఉప్పు అన్నావు.”

“సరదాకన్నాను. అంతమాత్రానికి…” కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత తేరుకున్నాడు. “గుర్తున్నా ఏం చెయ్యమంటావ్? నేను నవ్వాను, అంతే. రాసింది నువ్వు. నీ చేత్తో రాసి, నీ సంతకం పెట్టావు.”

ఆ మాట నిజం. ఇరవై ఆరేళ్ళలో ఆయన అన్న మాటల్లో ఇంత సూటిగా తగిలింది ఇంకోటి లేదు, నిజం కాబట్టే తగిలింది. ఆమె ఇంకేమీ అనలేదు. ఆమె ఊరుకుందంటే ఒప్పుకున్నట్టేనని ఆయన కూడా ఎప్పుడో అలవాటు పడ్డాడు.

“సాయంత్రంలోగా పంపించు. పై సగమే,” అని పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పొడుగమ్మాయి గ్రాఫులతో దిగి వచ్చేసరికి ఆమె పుస్తకం ముందు కూర్చుని ఉంది. చేతిలో కలం. ఒకప్పుడు తొందర తొందరగా కుడికి వాలే రాత, ఈ ఉద్యోగంలో పెట్టెల మీద చీటీలు రాసి రాసి ఎప్పుడో నిటారుగా మారిపోయింది. అదే రాతతో రాయాలి, చేసేదేముంది. కనుక్కున్న పేరు తనకి రాదు. అది వాళ్ళది, న్యాయంగా వాళ్ళదే. పోయిన షిఫ్ట్ రాదు. థీసిస్ రాదు. ఆ ఊరూ పేరూ తెలియని విద్యార్థి మళ్ళీ తెర ముందుకి రారు. ఇన్ని రానివి తెలిసీ, ఆమె స్కేలు తీసుకుని, పేజీ కింది సగంలోని మూడు వాక్యాల మీదా, ఒక్కో వరస మీదా ఒక్కొక్క గీత కొట్టింది. కిందున్నది చదవడానికి వీలుగా, సన్నగా. పక్కన ఉన్న ఖాళీలో నెమ్మదిగా రాసింది. ఇవాళ్టి తేదీ వేసింది. సంతకం పెట్టింది.

“సార్ పై సగమే అన్నారు కదా మేడమ్?” అంది పొడుగమ్మాయి, స్కానర్ మూత ఎత్తుతూ.

“పేజీ మొత్తం. సార్‌కి ఒకటి పంపు. ఆ వ్యాసం రాసినవాళ్ళకి ఒకటి, నా పేరు మీద.”

పొడుగమ్మాయి పుస్తకాన్ని గాజు మీద బోర్లించబోతూ, ఇంకా తడి ఆరని ఆ వరసల దగ్గర ఆగిపోయింది. పెదవులు కదుపుతూ చదువుకుంది.

“ఆ రోజు నా చేతులకి గ్లవ్స్ ఉన్నాయి. పీక్ 443 దగ్గరే ఉంది. ఇంకో షిఫ్ట్ అవసరం ఉంది.”